నిద్రమాత్ర మందు కాదట

మత్తు డాక్టరుగా నేను పనిచేసిన ఇన్నేళ్లలో బజారులో నన్ను ఆపి పలకరించిన పేషెంట్లు చాలా తక్కువ. సర్జన్లకు మామిడిపళ్ల బుట్టలు వచ్చేవి, పెళ్లి పత్రికలు వచ్చేవి. నాకు రాలేదని బాధేమీ లేదు. ఆపరేషన్ బల్ల మీద నేను వాళ్ల చెయ్యి పట్టుకుని, భయపడొద్దని చెప్పి, నరంలోకి మందు ఎక్కించేదాన్ని. అప్పటి నుంచి జరిగేదేదీ మనసులో నిలవకుండా చేయడం ఆ మందుకున్న గుణం. నేను చెప్పిన ధైర్యంతో పాటు నా మొహం కూడా వాళ్లకు గుర్తుండేది కాదు. అది మంచికే. కత్తెరల చప్పుడు, లైట్ల వేడి గుర్తు పెట్టుకుని ఎవరికేం లాభం?

కానీ ఒకావిడ విషయంలో మాత్రం ఆ మందు నన్ను నిజంగా ఏడిపించింది. ఆ మందు కంటే ఎక్కువగా చుట్టూ ఉన్న మనుషులు ఏడిపించారు. ఇప్పటికీ తలుచుకుంటే దవడలు బిగుసుకుంటాయి.

బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చి చాలా ఏళ్లయిన రోజులవి. ఇవాళో రేపో మూసేస్తారన్న మాట గనుల ఊరు కేజీఎఫ్ అంతటా వినిపిస్తూనే ఉండేది. మాది రాయల్పాడు వైపు. చదువయ్యాక కోలారులో ఇల్లు తీసుకున్నాను. అప్పట్లో చిన్న ఆసుపత్రులకు సొంతంగా మత్తు డాక్టర్లు ఉండేవారు కాదు. ఆపరేషన్ ఉందంటే ఫోన్ చేస్తారు, మేం బస్సెక్కి వెళతాం. బంగారుపేట, కేజీఎఫ్, అప్పుడప్పుడు మాలూరు. చేతిలో నా సంచి, అందులో గొంతు లోపల చూసే నా లారింగోస్కోపు, గొట్టాలు, కొన్ని మందులు. నేను వెళ్లేసరికి పేషెంటు బల్ల మీద సిద్ధంగా ఉండేది. ముందు రోజే చూడాలి, మాట్లాడాలి, ఏం మందులు వాడుతున్నారో అడగాలి అని నేను ఎన్నిసార్లు చెప్పినా, "నువ్వొచ్చి చూస్తివి కదమ్మా, ఇంగేమి?" అనేవాళ్లు.

ఆ మాట ఎక్కువగా అన్నది కేజీఎఫ్‌లో రాబర్ట్‌సన్‌పేటలోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి సర్జన్. పెద్దాయన. చెయ్యి మంచిది. రక్తం పెద్దగా పోకుండా చకచకా కోసి కుట్టేవాడు. ఊళ్లో ఆయనంటే గౌరవం. ఆయన దృష్టిలో నేను సూది వేసి పోయే మనిషిని. "కొంచెం ఎక్కువ వెయ్యమ్మా, పడుకోనీ" అన్నది ఆయన నోట ఎప్పుడూ ఉండే మాట. గనిలో డ్రిల్లు పట్టి ఊపిరితిత్తుల నిండా రాతి ధూళి నింపుకున్న మనిషికి ఆ 'కొంచెం ఎక్కువ' వేస్తే ఊపిరి మందగిస్తుందని, అందుకే నేను చుక్కచుక్కగా ఇస్తానని ఆయనకు తెలియక కాదు. తెలిసినా ఆగే ఓపిక లేదు.

ఆ రోజు పేషెంటు ఒక టీచరమ్మ. ఊళ్లో తెలుగు బడిలో చాలా కాలం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆమె భర్త గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరుగా చేసి పోయారట. మనుషుల్ని గని షాఫ్టులోకి దింపే ఇనుప బోను, అదే కేజీ, దాన్ని నడిపే పని అది. టీచరమ్మకు గర్భసంచి జారింది, తీసేయాలి. వెన్నులో సూది వేసి నడుము కింద మొద్దుబారేలా చేసి, పైన కొంచెం మత్తు ఇస్తే చాలు. నేను వెళ్లేసరికి ఆమెను అప్పుడే లోపలికి తీసుకెళ్లబోతున్నారు. పక్కన కూతురు ఉంది. కోలారులో ఒక బ్యాంకులో క్లర్కు.

"అమ్మా, రోజూ ఏమన్నా మాత్రలు వేసుకుంటారా?" అని టీచరమ్మను అడిగాను.

ఆమె నోరు తెరిచేలోపే కూతురు అంది: "ఏమీ లేవు మేడం. బీపీ లేదు, షుగర్ లేదు. మా అమ్మ గట్టి మనిషి."

"నేను అమ్మను అడుగుతా ఉండాను," అన్నాను.

టీచరమ్మ కూతురి వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, "ఏమీ లేవమ్మా," అన్నారు. క్లాసులో పిల్లల అల్లరిని ఒక్క చూపుతో ఆపిన గొంతు అది. మళ్లీ అడగడానికి నాకే మొహమాటమేసింది. అయినా అడిగాను. నిద్ర ఎలా పడుతుందని కూడా అడిగాను. "బాగా పడతాదమ్మా," అన్నారు. అబద్ధం కాదు. పడుతుంది. ఎలా పడుతుందన్నదే ఆమె చెప్పలేదు.

వెన్నులో సూది చక్కగా దిగింది. కాళ్లు మొద్దుబారాయి. డయజిపామ్ అనే మత్తుమందు తీసుకుని నెమ్మదిగా నరంలోకి ఇవ్వడం మొదలుపెట్టాను. ఆ మందు నీళ్లలో కరగదు. నూనెలాంటి జిగురు ద్రవంలో కలిపి వస్తుంది. లోపలికి పోయేటప్పుడు నరం భగ్గుమంటుంది. "మండుతుందమ్మా, ఓర్చుకోండి," అన్నాను. ఆ వయసు ఆడవాళ్లకు మామూలుగా ఇచ్చేదానిలో సగానికే కళ్లు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. టీచరమ్మకు సగం అయింది. పూర్తిగా ఇచ్చాను. ఆమె నా వైపు తల తిప్పి, "మీది ఏ ఊరమ్మా?" అని స్పష్టంగా అడిగారు.

"రాయల్పాడు దగ్గర," అన్నాను.

"ఓహో. మామిడితోటలు ఉంటాయి కదా ఆడ. మా అత్తగారి ఊరు శ్రీనివాసపురం పక్కనే."

మరికొంచెం ఇచ్చాను. ఆమె మామిడి రకాల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నాడి చూశాను. ఊపిరి చూశాను. అంతా మామూలే. ఆ మోతాదుకు ఓ బలమైన యువకుడు గురకపెట్టాలి.

"సార్, ఈమె దీనికి అలవాటుపడినట్ల ఉండాది. ఇంట్లో ఏదో నిద్రమాత్ర వేసుకుంటా ఉండాల. ఆపరేషన్ అయినాక దాన్ని నిలిపేయకూడదు. అడిగి తెలుసుకోవాల," అన్నాను సర్జన్‌తో.

ఆయన తల ఎత్తలేదు. "కొందరికి పట్టదమ్మా. ఇంగొంచెం వెయ్."

"వెయ్యను సార్. చెప్పేది మీరు వినండి."

"విన్నాను విన్నాను. కాలు కొంచెం పైకెత్తండి," అన్నాడు నర్సుతో.

ఆపరేషన్ బాగా జరిగింది. చివర్లో టీచరమ్మకు కాస్త కునుకు పట్టింది. బయటికి వచ్చి కూతురిని వెతికాను. ఆమె మందుల షాపుకు వెళ్లిందన్నారు. నాకు బంగారుపేటలో మరో ఆపరేషన్ ఉంది. నర్సుకు చెప్పాను, సర్జన్‌కు మళ్లీ చెప్పాను. కేస్ షీటులో పెద్ద అక్షరాలతో, నిద్రమాత్రల అలవాటు ఉందని అనుమానం, అడగండి అని రాసి వచ్చాను. అంతకంటే ఏం చెయ్యగలను? ఆ వారం నాకు ఆ ఆసుపత్రిలో పని పడలేదు.

తర్వాత పిలిచారు. ఒకతని హెర్నియా. మెట్లెక్కుతుంటేనే కేకలు వినిపించాయి. ఆడగొంతు. బెత్తం పట్టుకున్న గొంతు. "లైను తప్పొద్దు! నిలబడండి! గోడ మీద నుంచి దిగండి!"

లోపలికి వెళ్లి చూస్తే టీచరమ్మ. రెండు చేతులూ గుడ్డపీలికలతో మంచానికి కట్టేశారు. జుట్టు చెమటతో నుదుటికి అంటుకుంది. చేతులు వణుకుతున్నాయి. గోడ మీద చీమలు ఎక్కుతున్నాయంటారు, వాటినే పిల్లలనుకుని వరసలో నిలబడమంటారు. నాడి పరుగెడుతోంది, ఒళ్లు వెచ్చగా ఉంది. వార్డులో మిగతావాళ్లు లేచి కూర్చుని చూస్తున్నారు.

నర్సు నన్ను పక్కకు తీసుకెళ్లింది. మొదటి రెండు రోజులు బాగానే ఉన్నారట. తర్వాత చిరాకు పడటం, నిద్ర లేకపోవడం, వణుకు. నిన్నటి నుంచి ఇలా. సర్జన్ పిచ్చికి వేసే ఇంజెక్షన్ వేయించాడట. తగ్గలేదు.

"సార్ ఏమన్నారు?"

నర్సు గొంతు తగ్గించింది. "సార్ నవ్వతా అన్నారు మేడం, ఇది తాగేవాళ్లకు తాగడం మానిపిస్తే వచ్చేదానిమాదిరి ఉండాది, టీచరమ్మ గుట్టుగా ఏమన్నా తాగతా ఉండిందేమో అడగండి అని. వార్డులోనే అన్నారు. అందరూ విన్నారు."

ఆ లక్షణాలు అచ్చం అలాగే ఉంటాయి, ఆయన చెప్పినదాంట్లో అంతవరకు తప్పు లేదు. సారాయి, ఈ నిద్రమాత్రలు మెదడులో ఇంచుమించు ఒకే చోట పనిచేస్తాయి. రెండింటిలో దేన్ని హఠాత్తుగా ఆపినా ఇలాగే జరుగుతుంది. సగం దూరం సరిగ్గా నడిచి, మిగతా సగం ఆయన ఎగతాళి చేశాడు. కార్మికుల ఇళ్ల లైన్లలో సారాయి వద్దని సభలు పెట్టిన టీచరమ్మను పట్టుకుని ఆ మాట అన్నాడు.

కేస్ షీటు తీశాను. నేను రాసింది అలాగే ఉంది. దాని కిందే ఆయన తన మందులు రాసుకుంటూ పోయాడు.

కూతురు వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఏడుస్తోంది. నన్ను చూడగానే, "మేడం, మా ఇంట్లో ఎవరూ ముట్టరు. ఒట్టు పెట్టి చెప్తాను. ఊరంతా పాకిపోయినాది. మా అన్న ఫోన్ చేసి, అమ్మ తాగతాదంట నిజమా అని అడిగినాడు," అంది.

"ఆ మాట వదిలెయ్యమ్మా. అమ్మ నిద్రకు ఏం వేసుకుంటాది?"

"అది మందు కాదు కదా మేడం. నిద్రమాత్ర."

"ఎన్నేళ్ల నుంచి?"

"నాన్న ఉండేటప్పుడే మొదలైంది. గనిలో రాయి పగిలి భూమి అదిరేది కదా. అట్ల ఒకసారి పెద్దగా అదిరినప్పుడు ఇంటి గోడ చీలింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. బాగానే వచ్చినాడు, ఏమీ కాలేదు. కానీ అప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు. మళ్లీ ఎప్పుడు అదురుతాదో అని చెవులు పెట్టుకుని పడుకునేది. ఒక డాక్టర్ రాసిచ్చినాడు. అట్లే వేసుకుంటా ఉండాది. మొదట ఒకటే. ఇప్పుడు... ఎక్కువే వేసుకుంటాది. పగలు కూడా."

"నేను అడిగితే లేవని ఎందుకు చెప్తివి?"

"అమ్మే చెప్పొద్దనింది మేడం. నిద్రమాత్రలంటే పిచ్చోళ్లనుకుంటారంట."

నాకు కోపం వచ్చింది. ఆమె మీదా, టీచరమ్మ మీదా, సర్జన్ మీదా, నా బస్సు మీదా, ఎవరి మీదని చెప్పను. పిచ్చిదనుకుంటారని మాత్ర దాచారు. దాచినందుకే ఇప్పుడు పిచ్చిదానిలా కట్టేయించుకుని పడుకుంది. కూతురి చేతిసంచిలో పాత మాత్రల అట్ట ఒకటి దొరికింది. లోరాజిపామ్. డయజిపామ్ జాతిదే కానీ శరీరంలో దానంత ఎక్కువసేపు ఉండే మందు కాదు. ఆపేస్తే రెండు మూడు రోజుల్లోనే లోపల ఖాళీ అవుతుంది. ఆపరేషన్ నాడు నేనిచ్చిన డయజిపామ్ దాని లోటును కొంత కప్పి ఉంచింది. అది నెమ్మదిగా దిగిపోయే సరికి అసలు రంగు బయటపడింది. అందుకే మొదట్లో అందరికీ బాగున్నట్లు కనిపించింది.

"చూడమ్మా," అన్నాను కూతురితో, "మీ నాయన నడిపిన ఇంజన్‌కు బ్రేకు ఉంటాది కదా. మెదడుకు కూడా అట్లాంటి బ్రేకు ఒకటుండాది. ఈ మాత్ర సొంతంగా బ్రేకు వెయ్యదు. బ్రేకు మీదుండే కాలిని ఇంకా గట్టిగా అదుముతాది. అట్ల ఏళ్ల తరబడి అదుముతా ఉంటే, ఎట్లా ఇంకొకరు అదుముతా ఉండారు కదా అని మెదడు తన బలం తగ్గించుకుంటాది. ఇప్పుడు ఆ మాత్రను ఒక్కసారిగా తీసేస్తే కేజీ ఏమయితాది?"

వైండింగ్ డ్రైవరు కూతురు. ఆమెకు వేరే చెప్పనక్కరలేకపోయింది. "కిందికి పోతాది," అంది, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

సర్జన్ గదిలోకి వెళ్లాను. అట్ట ఆయన బల్ల మీద పెట్టి సంగతి చెప్పాను. ఇప్పుడే డయజిపామ్ ఇవ్వాలి, తర్వాత నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి అన్నాను.

"ఏమ్మా, దేని వల్ల ఇట్లయిందో మళ్లీ దాన్నే ఇమ్మంటావా? అలవాటు మాన్పించాల కానీ పోషించేదా?"

"మాన్పించొచ్చు సార్. ఇట్ల కాదు. ఇట్ల ఆపితే ఫిట్స్ వస్తాయి. మీరు వేయించిన ఇంజెక్షన్ ఫిట్స్‌ను ఇంకా తొందరగా తెప్పిస్తాది."

"నువ్వు మత్తు చూసుకో. వార్డు నేను చూసుకుంటాను."

"ఇదీ మత్తే సార్!" అని అరిచాను. నా జీవితంలో ఒక సీనియర్ మీద గొంతెత్తింది అదే మొదటిసారి. ఆయన మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. అంతలో నర్సు పరుగెత్తుకుంటూ వచ్చింది. "సార్, టీచరమ్మకు ఫిట్స్!"

నేను ఆయన కోసం ఆగలేదు. వెళ్లేసరికి ఆమె ఒళ్లంతా కొట్టుకుంటోంది. కట్టిన చేతులు పీలికల్ని లాగుతున్నాయి. "కట్లు విప్పండి!" అని అరుస్తూ ఆమెను పక్కకు తిప్పాను. ఆక్సిజన్ పెట్టించాను. నా సంచిలోని డయజిపామ్ తీసి, నరం దొరకబుచ్చుకుని ఇచ్చాను. ఆ జిగురు మందు సిరంజిలో నుంచి కదిలేలోగా నా ప్రాణం పోయినట్లనిపించింది. కొట్టుకోవడం తగ్గింది. ఆగింది. పెద్ద శ్వాస ఒకటి, తర్వాత మామూలు శ్వాస. ఆమె దవడ పట్టుకుని, ఛాతీ పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చున్నాను. ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది, తక్కువైతే మళ్లీ ఫిట్స్. ఆ రెండింటి మధ్య సన్నటి దారిలో నడవడమే నేను నేర్చుకున్న విద్య. ఆ పనిలో ఉన్నంతసేపు నాకు కోపం గుర్తు రాలేదు.

సర్జన్ తలుపు దగ్గర నిలబడి చూశాడు. "సరే, నీ ఇష్టం," అని వెళ్లిపోయాడు. అంతే. నువ్వు చెప్పింది నిజమేనన్న మాట గానీ, వార్డులో అన్నది తప్పన్న మాట గానీ ఆయన నోట రాలేదు. హెర్నియా అతను ఆకలితో మధ్యాహ్నం దాకా వేచి ఉండాల్సి వచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లు పనున్నా లేకున్నా కేజీఎఫ్ వెళ్లాను. లోరాజిపామ్ బదులు డయజిపామ్ మాత్రలే మొదలుపెట్టాం. అది ఒంట్లోని కొవ్వులో చేరి మెల్లమెల్లగా బయటికి వస్తుంది. కాలేయం దాన్ని మార్చినా, మారిన పదార్థం కూడా అదే పని చేస్తూ రోజుల తరబడి ఉంటుంది. ఆపరేషన్‌కు అది చెడ్డ గుణం. మధ్యాహ్నం ఇంటికి పోవాల్సిన మనిషి రెండు రోజులు తూలుతుంది. కానీ అలవాటు మాన్పించడానికి అదే మంచి గుణం. ఒక్కసారిగా పడేయదు, ఒడ్డున మెల్లగా దించుతుంది.

టీచరమ్మకు తెలివి వచ్చింది. చీమలు పోయాయి. నేను ఆమె మంచం మీద కూర్చుని అంతా వివరంగా చెప్పాను. మాత్ర ఏం చేసింది, ఎందుకు ఇలా అయింది, ఇంటికి వెళ్లాక ఎలా తగ్గించాలి. ఆమె శ్రద్ధగా విన్నారు. మంచి ప్రశ్నలు అడిగారు. "అట్లే తగ్గిస్తానమ్మా. నా మాటంటే మాటే," అని నా చేతిలో చెయ్యేశారు. ఆ రోజు బస్సులో నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో!

మళ్లీ వెళ్లినప్పుడు, "మీరెవరమ్మా?" అన్నారు.

డయజిపామ్ మోతాదు ఎక్కువగా ఉన్న రోజులవి. మనిషి మెలకువగానే ఉంటుంది, మాట్లాడుతుంది, వాదిస్తుంది. కొత్తది మాత్రం లోపల నిలవదు. నేనే ఇచ్చిన మందు నేను చెప్పిన పాఠాన్ని తుడిచేసింది. ఇది పుస్తకంలో చదివి పరీక్ష రాసిన సంగతే. అయినా మంచం పక్కన మొదటి నుంచి మళ్లీ చెప్పాల్సి వచ్చినప్పుడు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చెప్పాను. ఆమె మళ్లీ అవే మంచి ప్రశ్నలు అడిగారు. మళ్లీ మాట ఇచ్చారు. ఆ తర్వాతిసారి, "మీరు రాయల్పాడు అమ్మాయి కదా?" అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. తీరా చూస్తే అది ఆపరేషన్ బల్ల మీద మాట్లాడుకున్న సంగతి. ఆ రోజు అంత మందు ఇచ్చినా చెరగని మాట అది. మంచం దగ్గర చెప్పినవేవీ లేవు.

చివరికి కూతురికి నేర్పాను. ఆమె సెలవు పెట్టి తల్లితో ఉంది. ఇంతలో సర్జన్ డిశ్చార్జి చీటీలో నిద్రమాత్రలన్నీ నిలిపివేయాలి అని రాశాడు. నేను అది కొట్టేసి సరిగ్గా రాసిచ్చాను. ఈసారి ఆయన దాని గురించి నాతో ఏమీ అనలేదు. రెండు నెలలు నన్ను పిలవలేదంతే. ముళబాగిలు నుంచి ఇంకొకరిని రప్పించుకున్నాడు.

తగ్గించడం మాటల్లో చెప్పినంత సులభం కాదు. ఒక మెట్టు దిగగానే ఆమెకు చెవుల్లో హోరు, కాళ్లలో మంట, చిన్న చప్పుడుకే ఉలికిపాటు. గిన్నె కిందపడితే గని అదిరిందని వీధిలోకి పరుగెత్తేవారట. ఒకరోజు ఆమె ఇంటికి వెళితే మొహం చాలా ప్రశాంతంగా ఉంది, మాట కాస్త తడబడుతోంది. నాకు అర్థమైంది. కూతురు కూడా గమనించింది. ఆ పాత మాత్రలే ఎవరి చేతో తెప్పించుకున్నారు.

మందుల షాపుకు వెళ్లాను. బజారు మొదట్లో చిన్న షాపు. కౌంటరు వెనకున్న ఆయన నడివయసు మనిషి.

"టీచరమ్మకు ఆ మాత్రలు ఇస్తిరా?"

"ఇచ్చినాను మేడం."

"చీటీ లేకుండానా?"

"పాత చీటీ ఉండాది కదా."

"అది రాసిన డాక్టర్ పోయి ఎన్నేళ్లయిందో తెలుసా మీకు?"

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడం, ఆమె నాకు ఐదో క్లాసు టీచరు. 'రేయ్, ఇవ్వరా' అని చెప్పి పంపిస్తే ఎట్ల కాదనేది?"

ఆమెకు ఫిట్స్ వచ్చిన సంగతి చెప్పాను. చేతులు కట్టేశారని చెప్పాను. ఆయన మొహంలో రంగు మారింది. "ఆమె తాగినారని అందరూ మాకు చెప్పినారు మేడం," అన్నాడు. ఆ తర్వాత ఆమెకు ఆ మాత్రలు ఇవ్వలేదు. ఎదురుగా నిలబడే ధైర్యం లేక, స్టాకు లేదని చెప్పేవాడట. మిగతావాళ్లకు మాత్రం అమ్ముతూనే ఉన్నాడు. నేను అక్కడ ఉండగానే ఒకాయన వచ్చి, 'ఆ చిన్నది' ఒక అట్ట ఇమ్మన్నాడు. షాపాయన నా మొహం చూసి, అట్ట చేతిలో పట్టుకుని, ఇంకోసారి నా మొహం చూసి, ఇచ్చేశాడు.

టీచరమ్మకు నా మీద చాలా కోపం వచ్చింది. "మీ పుణ్యాన నాకు నిద్ర పోయింది. ఇన్నేళ్లు ఎవరికీ అడ్డం రాకుండా పడుకుంటా ఉంటిని. మీకేం వచ్చె?" అన్నారు ఒకరోజు. కూతురు మధ్యలో రాబోతే చేత్తో ఆపారు. "నువ్వుండు. ఈమెకు నన్ను చెప్పనీ."

"మీ నిద్ర పోయింది నిజమేనమ్మా," అన్నాను. బదులుగా ఇవ్వడానికి నా చేతిలో ఏముంది? మత్తు ఇవ్వడం నాకు తెలుసు. నిద్ర ఇవ్వడం తెలియదు. రెండూ ఒకటి కావు. "కానీ ఈసారి మళ్లీ ఏదన్నా ఆపరేషన్ వస్తే, ఇంగెవరో మత్తు డాక్టర్ వస్తే, మీరు చెప్పకపోతే, అప్పుడు నేనుండను."

ఆమె కాఫీ ఇమ్మని కూతురికి సైగ చేశారు.

దాదాపు ఏడాది పట్టింది. చివరి పావు మాత్ర దగ్గర చాలాకాలం ఆగిపోయారు. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఆమే మానేశారట. కోలారు బస్టాండులో కలిశారు. కూతురింటికి వెళుతున్నారు. సన్నబడ్డారు, కళ్ల కింద నల్లగా ఉంది. నన్ను దూరం నుంచే గుర్తుపట్టి చెయ్యెత్తారు.

"నిద్ర ఎట్లుండాదమ్మా?" అన్నాను.

"అంతంత మాత్రమే. తెల్లార్లూ లేచి కూర్చునే రోజులూ ఉండాయి. పుస్తకం చదువుకుంటాను." సంచి భుజానికి తగిలించుకుని, "ఒక్కటి మాత్రం బాగుండాది. సాయంత్రం చదివింది పొద్దున గుర్తుంటా ఉండాది. అది పోయిందని కూడా నాకు తెలీలేదు ఇన్నేళ్లు," అన్నారు. బస్సు వచ్చింది. కండక్టరు కేకలేస్తుంటే నెమ్మదిగా, ఎవరినీ పట్టుకోకుండా ఎక్కారు.

కథ ఇక్కడితో అయిపోయుంటే నేనూ సంతోషించేదాన్ని. ఆ చలికాలంలో కోలారులో డాక్టర్ల సమావేశం జరిగింది. కేజీఎఫ్ సర్జన్ వచ్చాడు. అప్పటికి నన్ను మళ్లీ పిలవడం మొదలుపెట్టాడు. ముళబాగిలు ఆయన ఆలస్యంగా వస్తాడట. భోజనాలకు ముందు ఆయన లేచి, ఆసక్తికరమైన కేసు ఒకటి చెప్తానన్నాడు. టీచరు, ఆపరేషన్, తర్వాత భ్రమలు, ఫిట్స్. "చూడగానే నాకు అనుమానం వచ్చింది," అన్నాడు. "ఇది మాత్ర ఆపడం వల్ల వచ్చిందని పట్టుకున్నాను. పేషెంట్లు నిద్రమాత్రను మందనుకోరు. గట్టిగా అడగాల. నేను మొదటి నుంచీ చెప్తానే ఉండాను."

చుట్టూ తలలు ఊగాయి. నా పక్కనున్నాయన, "మంచి పాయింటు," అన్నాడు. లేచి నిలబడ్డాను.

"సార్, వార్డులో మొదట ఆమెను ఏమన్నారో కూడా చెప్పండి."

ఆయన నన్ను చూసి నవ్వాడు. కోపంగా కాదు, ఇంట్లో పిల్ల మారాం చేసినట్లు. "మా మత్తు డాక్టరమ్మకు ఆ రోజు నా మీద శానా కోపమొచ్చింది," అన్నాడు. అందరూ నవ్వారు. "మీరే వచ్చి మిగతాది చెప్పండమ్మా. మందుల సంగతి మీకు బాగా తెలుసు."

వెళ్లాను. మందుల సంగతి చెప్పాను. ఏది ఎంతకాలం ఉంటుంది, ఏది ఆపితే ఎప్పుడు బాధ మొదలవుతుంది, ముందు రోజే పేషెంటును ఒంటరిగా ఎందుకు అడగాలి, బల్ల మీద మామూలు మోతాదుకు నిద్ర రాకపోతే ఏం అనుమానించాలి. ఆ తర్వాత, ఆయన వైపు చూడకుండానే, తాగుడు మాట కూడా చెప్పాను. ఆవిడ ఎవరో చెప్పలేదు కానీ, ఆ మాట వల్ల ఇంట్లో ఏం జరిగిందో చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. మధ్యలో వంటాయన తలుపు తీసి అన్నం చల్లారిపోతా ఉండాదన్నాడు. సగంమంది లేచారు. నేను ఆపలేదు. మిగిలిన సగంమందికి చివరిదాకా చెప్పి, సంచి తీసుకుని బయటికి నడిచాను.